వంకర ఏడు

పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన తన చొక్కా ఒక్కటి కూడా తాను ఉతుక్కోలేదు. సరుకుల ఓడ ఇంజను గదిలో పట్టిన మసినంతా మూటగట్టి ఇంటికే తెచ్చేవాడు. యుద్ధంలో శత్రువుల సబ్‌మెరైన్ ఆ ఓడను ముంచింది. ఇరవై ఇద్దరిలో ఆరుగురు బతికారు. ఆయన ఆ ఆరుగురిలో ఒకడు. ఇంటికొస్తూనే, ఉప్పు పేరుకున్న లైఫ్ జాకెట్‌ను భార్య కాళ్ళ దగ్గర పడేశాడు.

“ఉతికి ఆరెయ్. గుర్తుగా గోడకు తగిలిద్దాం.”

ఆ జాకెట్లు కుట్టింది రేవు పక్క షెడ్డులో ఆమెలాంటి ఆడవాళ్ళే. మొగుడి జాకెట్ మీద అంకె మాత్రం పెళ్ళామే కుట్టుకుంది. ఆయనది తొమ్మిది. ఓడలో వంటవాడిది పదిహేడు. పక్క మిషను మీద వంటవాడి భార్య కుడుతుంటే ఏడు తోక వంకర పోయింది. “మీ ఆయన మూతే దిగింది కదే!” అని షెడ్డంతా నవ్వింది.

“పోనీలే అక్కా, ఇంకెవరూ ఎత్తుకుపోరు,” అంది ఆ పిల్ల.

ఇప్పుడు ఆయన తెచ్చిన జాకెట్‌కు సబ్బు రుద్దుతుంటే ఆమె చేతికింద ఆ వంకర ఏడు తేలింది.

వంటవాడు తిరిగి రాలేదు. కబురు అందినప్పటి నుంచీ వాడి భార్యది ఒకటే మాట: “నా కుట్టే ఊడి ఉంటుందక్కా. నా చేత్తో నేనే ముంచుకున్నాను.” నిన్నటికి నిన్న ఆ పిల్లతో తానేమంది? “నేను రెండు వరసలు వేశాను, అందుకే మావారిది నిలిచింది” అంది. ఓదార్చబోయి గొప్పలు పోయింది. జాకెట్ పట్టుకుని మొగుడి వైపు తిరిగింది.

“మీదేమైంది?”

“బిగుతు. తలకింద పెట్టుకునేవాణ్ణి. ఓడ కింది గదిలోనే ఉండిపోయింది.”

“ఇది ఆయనే ఇచ్చాడా?”

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పొడి మొహాన్ని మళ్ళీ తుడుచుకున్నాడు. “వాడికి ఈతొచ్చు. నాకు రాదు. ఆడదానివి, నీకెందుకు? ఆరెయ్.”

ఆరెయ్యలేదు. నీళ్ళు కారుతుండగానే చంకన పెట్టుకుని షెడ్డుకు నడిచింది. ఏడు పైకి కనిపించేలా ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది.

“చూడు. ఒక్క పోగు ఊడలేదు. నీ చేతి తప్పేం లేదు.”

ఆ పిల్ల తోక చివరిదాకా వేలితో తడిమింది. “ఎవరు తొడుక్కొచ్చారక్కా?”

“మా ఆయన.”

మిషన్లన్నీ ఆగిపోయాయి. తల ఎత్తలేకపోయింది. ఎత్తకుండానే ఇంటికి నడిచింది.

ఆయన గోడకు మేకు కొట్టి సిద్ధంగా ఉన్నాడు. “ఏదీ?”

“దాని ఇంటికి అది పోయింది. మీ చొక్కా అక్కడుంది, సబ్బు ఇక్కడుంది. ఈ సంగతి నేనిక ఎత్తను. మీరూ ఎత్తొద్దు.”

చచ్చేదాకా ఇద్దరూ ఎత్తలేదు.