మామ కర్ర చేసే పని

మా మామ కొమురెల్లికి మతి చలించిందని మా ఆయన విజయేందర్ తేల్చేశాడు. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మ అంతకు ముందే తేల్చేసింది.

మామ భూమి లోపలి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరై కరీంనగర్‌లో మా దగ్గరికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఒకటే వరస. ఎవరు ఏ గదిలోకి పోబోయినా తాను ముందు దూరి, కర్రతో పైకప్పును టక్‌టక్‌మని కొట్టి, చెవి రిక్కించి వింటాడు. ఇక భరించలేను, ఇల్లు ఖాళీ చేయండని ఓనరమ్మ మొహం మీదే అనేసింది.

"రేపు బాపును దవాఖానకు తీస్కపోత. గోలీలు ఏస్తె సప్పుడు చెయ్యకుంట పంటడు," అన్నాడు విజయేందర్ పొద్దున డ్యూటీకి పోతూ.

నాకు ఒళ్లు మండింది. "మనిషిని పండవెట్టుడేనా వైద్యమంటె?"

నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. ఆ రోజే ఫంక్షనలిజం పాఠం. మనసు దేనితో తయారైందని తవ్వుకుంటూ కూర్చోకండి, అది మనిషికి ఏ పని చేసిపెడుతోందో చూడండి అని గంటసేపు గొంతు చించుకున్నాను. ఇంట్లో మనిషిని మాత్రం ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

కాలేజీ నుంచి రాగానే మామ పక్కన కూర్చున్నాను. "అన్ని గదులల్ల కొడుతవ్. నీ గదిల కొట్టవేంది మామా?"

"ఆడ నేనొక్కన్నే గద బిడ్డా."

"ఈ స్లాబు కూలుతదా?"

"కూలదు. నాకెర్క లేదా?" కాసేపు కర్రను నిమిరాడు. "బాయిల నేను ముందుగాల పోయి కప్పు కొట్టి సూసేది. డొల్ల సప్పుడైతె బండ వదులైనట్టు. నేను రమ్మనేదాంక ఒక్కడు అడుగు పెట్టకపోయేది. ఇప్పుడు నా మాట కోసం ఆగెటోళ్లు ఎవలున్నరు?"

ఆయన చూసుకుంటున్నది కప్పును కాదు, ఇంట్లో తన మాటకు ఇంకా విలువుందా అని.

"కప్పు వద్దు, దర్వాజ కొట్టు మామా. నువ్వు రమ్మనేదాంక మేం గడప దాటం."

"దర్వాజ కొడితె అయితదా?"

"ఎందుకు కాదు? ఆగేది మేమే గద."

సాయంత్రం విజయేందర్ డ్యూటీ నుంచి వచ్చాడు. గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టాను.

"జర ఆగు. బాపు పిలుస్తడు."

"నీకు గూడ పట్టిందా?" అని కసిరాడు కానీ ఆగాడు.

మామ లేచి వచ్చి దర్వాజను మెల్లగా తట్టాడు, చెవి ఆనించి విన్నాడు. కొడుకును కింది నుంచి పై దాకా చూశాడు.

"మంచిగున్నది. రా బిడ్డా, లోపటికి రా."

విజయేందర్ కదల్లేదు. తన చిన్నతనమంతా తండ్రి షిఫ్టులతోనే సరిపోయింది. తను లేచేసరికి ఆయన బాయిలో ఉండేవాడు, ఆయన వచ్చేసరికి తను నిద్రపోయేవాడు. ఎవరెవరి కొడుకులనో అంత భద్రంగా పిలిచిన గొంతు తనను అలా పిలవడం ఇదే మొదలు.

"రేపు దవాఖాన వద్దు తియ్యి," అన్నాడు నాతో. తర్వాత తండ్రి వైపు తిరిగాడు.

"ఇంకోపారి పిలువు బాపూ."