చిన్నమావయ్యగారి కుడి మోకాలు

గెడకర్ర మొదటి దెబ్బ ఉదయ్ కిరణ్ భుజం మీద పడింది. రెండోది గురి తప్పి వేణ్ణీళ్ళ గిన్నెకి తగిలింది. అందులో వెచ్చబడుతున్న తైలం సీసా ఎగిరి గోడకి కొట్టుకుని భళ్ళున పగిలింది. నున్నటి గచ్చు మీద నూనె మడుగు కట్టింది.

లహరి మామ్మగారి కాళ్ళ దగ్గర కూర్చుని, నూనె రాసిన మోకాళ్ళ మీద వెచ్చచేసిన జిల్లేడాకులు పరిచి గుడ్డతో కట్టు కడుతోంది. క్షణం కిందటి దాకా ఆ గదినిండా నవ్వులే. ఉదయ్ వెనకనుంచి ఒంగి ఆమె అరచెయ్యి వాసన చూసి, "పెళ్ళై మూడు నెలలు కాలేదు, మల్లెపూల వాసన పోయి వాతం నూనె కంపు మిగిలింది" అన్నాడు. "మరి రోజూ వాసన చూడ్డం ఎందుకండీ?" అంది లహరి. "నా మోకాళ్ళ మీద సరసాలేంట్రా!" అని మామ్మ వెంకటనరసమ్మ మనవణ్ణి కసిరింది. ఆ నవ్వు ఇంకా లహరి పెదాల మీదే ఉంది, వీధి తలుపు గోడకి కొట్టుకుంది.

వచ్చినవాడు చలపతిరావు. మామ్మకి చిన్నకొడుకు, ఉదయ్‌కి సొంత బాబాయి.

ఆకివీడు దారిలో ఇద్దరి చేపల చెరువులూ పక్కపక్కనే. చలపతిరావు చెరువులో చేపకి జబ్బు తగిలింది. ఆ నీళ్ళని ఉమ్మడి బోదె కాలవలోకి వదిలాడు. ఉదయ్ చెరువుకి నీళ్ళు పెట్టేదీ ఆ బోదెలోంచే. వద్దని వారం రోజులు బతిమాలి, నిన్న సాయంత్రం ఉదయ్ బోదెకి ఇసకబస్తాలు అడ్డం వేశాడు. బాబాయి చెరువులో చెడ్డ నీళ్ళు కదలక అక్కడే నిలిచిపోయాయి. తెల్లారేసరికి బొచ్చెచేపలన్నీ నోళ్ళు తెరుచుకుని వెల్లకిలా తేలాయి.

"నా చెరువు చంపావు కదరా! నిన్నీ పూట చంపకపోతే నేను మీ తాతకి పుట్టలేదు!"

"జబ్బు నీళ్ళు నా చెరువులోకి వదిలింది నువ్వు కదా బాబాయ్!"

ఉదయ్ గెడ పట్టుకుని లాగాడు. పాదం నూనెలో పడి జర్రున జారింది. వెనక్కి పడ్డాడు. తల ఠప్పున గచ్చుకి కొట్టుకుంది. లేచేలోగా చలపతిరావు అతని పొట్ట మీద ఎడమ మోకాలు మోపి, గెడని గొంతుకి అడ్డంగా పెట్టి, రెండు చేతులా బరువంతా వేశాడు.

లహరి ఆయన జుట్టు పట్టుకుని గుంజింది. మోచెయ్యి వెనక్కి వచ్చి నోటికి తగిలింది. పెదవి చిట్లి నాలిక మీదకి నెత్తురు వచ్చింది. పీట తీసి వీపు మీద బాదింది. పీట విరిగింది గాని ఆయన కదల్లేదు. మామ్మ లేవబోయి, కట్టుకట్టిన కాళ్ళు ముడవక, కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయింది. ఉదయ్ మడమలు గచ్చుని టపటపా కొట్టాయి. తర్వాత మెల్లగా కొట్టాయి. మొహం నల్లబడుతోంది.

అప్పుడు చూసింది లహరి. చలపతిరావు కుడికాలు పక్కకి చాచి ఉంది. అది పూర్తిగా ముడవదు. తెల్లారినప్పటినుంచీ నీళ్ళలో చచ్చిన చేపల్ని లాగి లాగి, పైకి ఎగకట్టిన పంచె కింద మోకాలు ఎర్రగా ఉబ్బి ఉంది.

ఆ మోకాలు ఆమెకి తెలుసు. గొడవ ముదరకముందు ఆయన పొద్దున్నే వచ్చి, మొహమాటపడుతూనే తల్లి పక్కన కూర్చుని నూనె రాయించుకునేవాడు. "కోడలుపిల్ల చెయ్యి పడ్డాక మేడమెట్లు ఎక్కేస్తున్నానే అమ్మా" అని మురిసిపోయేవాడు. కాలుతున్న కీలుని ఒత్తకూడదని, చుట్టూ తేలిగ్గా రాయాలని లహరికి నేర్పింది మామ్మే. ఎక్కడ వేలు పడితే ఆయన ప్రాణం లేచిపోతుందో కూడా చూపించింది, అక్కడ జాగ్రత్తగా ఉండమని.

కిందపడి ఉన్న మామ్మ, మనవడి మొహం చూసి, కొడుకు మొహం చూసి, అరిచింది.

"కుడి మోకాలే! లోపలి గుంట! నొక్కవే అమ్మాయ్!"

లహరి నూనె చేతులతోనే ఆ కాలు ఒడిసిపట్టింది. చిప్ప పక్కన, లోపలివైపు మెత్తటి గుంటలో బొటనవేలు దించి, ఒంట్లో బరువంతా దాని మీద మోపి, పిక్క పట్టుకుని మెలితిప్పింది. లోపల ఏదో కటుక్కుమంది.

చలపతిరావు పెట్టిన కేక వీధి చివరిదాకా వినపడింది. గెడ జారిపోయింది. ఆయన పక్కకి పడి మోకాలు పట్టుకుని గిలగిల్లాడాడు. ఉదయ్ గొంతులోంచి గుర్రుమని గాలి లోపలికి పోయింది. దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. అంత అందమైన దగ్గు లహరి పుట్టి ఎరగదు.

"లేచానంటే ఇద్దర్నీ..." అంటూ చలపతిరావు గెడకోసం చెయ్యి చాచాడు.

లహరి గెడని వీధిలోకి తన్ని, వచ్చి ఆయన కాలి దగ్గర కూర్చుంది. బొటనవేలు తీసుకెళ్ళి ఆ గుంటలో ఊరికే ఆనించింది. ఆయన ఊపిరి బిగబట్టాడు.

"చిన్నమావయ్యగారూ, ఆయన జోలికి మళ్ళీ వస్తారా అండీ?" చిట్లిన పెదవితో మర్యాదగానే అడిగింది.

"అమ్మా, దీన్ని వేలు తీసెయ్యమని చెప్పవే!"

"జవాబు చెప్పరా" అంది తల్లి, నేలమీద నుంచే.

వేలు గింజంత లోపలికి దిగింది.

"రాను! రానమ్మా! నీళ్ళూ వదలను!"

"మా బస్తాలు కూడా తీయించేస్తామండి" అంది లహరి. ఏడుస్తున్న ఆయన్ని చూస్తే జాలి వేసింది, వేలు మాత్రం తీయలేదు.

"నూనె పెట్టకు, ఇప్పుడది నిప్పు" అంది మామ్మ. "తడిగుడ్డ చుట్టు."

ఉదయ్ గోడకి ఆనుకుని కూర్చుని చన్నీళ్ళ గుడ్డ అందించాడు. లహరి ఒంటిచేత్తోనే గుడ్డ చుట్టింది. ముడి వేసే వంతు ఉదయ్‌కి వచ్చింది. ఒంగి ముడి వేస్తూ ఆమె చెయ్యి వాసన చూశాడు.

"మల్లెపూలు" అన్నాడు, బొంగురు గొంతుతో.