పేజీలో నిలవని దిమ్మరి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే నా పళ్ళన్నీ ఇప్పుడే రాలిపోవాలి. ఉన్నవి రెండే అనుకో, అయినా ఒట్టు ఒట్టే.

మన ఊరి అచ్చాఫీసులో ఒక అక్క ఉండేది. ఆమె రోజూ చేసే పని ఒకటే: సీసపు అక్షరాలు ఏరి, వరసలు పేర్చి, పేజీ నిండాక చుట్టూ దారం బిగించి కట్టడం. ఆమె చేతి వేగం చూసి ఈగలు వాలబోయి భయపడి వెనక్కెళ్ళేవి. అప్పుడు పేరుస్తున్నది నిఘంటువు. ఏనుగు తలకింద పెట్టుకునేంత లావు.

ఊళ్ళు పట్టుకు తిరిగి తిరిగి, కాళ్ళు వాచి, అక్కను వెతుక్కుంటూ వచ్చాడు తమ్ముడు. అక్క అద్దెగదిలో ఇంకొకరు పడుకోవాలంటే గోడకు వేలాడాల్సిందే. అందుకని యజమాని, అందరూ బాబాయి అని పిలిచే ఆయన, కాగితాల గదిలో చోటిచ్చాడు.

"పుస్తకం అయ్యేదాకానే సుమా. తర్వాత నీ దారి నీది."

"ఈ కాళ్ళతో ఎక్కడికెళ్తాడు బాబాయ్?" అంది అక్క. బాబాయి వినబడనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

పేర్చుకుంటూ పోతే 'దిమ్మరి' అనే మాట వంతు వచ్చింది. "ఇల్లూ వాకిలీ లేక తిరిగే సోమరి" అని బాబాయి అర్థం రాసిచ్చాడు. తెల్లారి చూస్తే అర్థం ఉంది, మాట లేదు. నడుచుకుంటూ వెళ్ళి పక్కబల్ల మీద దగ్గుమందు చీటీలో కూర్చుంది. తెచ్చి పెడితే, మర్నాడు పెళ్ళిపత్రికలో వరుడి పేరు ముందు దొరికింది. పెళ్ళివారి కేకలకు పెంకులు లేచిపోయాయి.

"గట్టిగా కట్టవే!"

"పడవను కట్టే తాడేశాను బాబాయ్! కారెక్కి తిరిగితే యాత్రికుడు, చెప్పుల్లేకుండా తిరిగితే సోమరా? మా వాడు నడిచినంత ఏ సోమరి నడిచాడు?"

బాబాయి గొణుక్కుంటూ 'సోమరి' కొట్టేసి 'మనిషి' అని రాశాడు. అయినా ఆ మాట నిలవలేదు. చివరికి తమ్ముడు కుంటుకుంటూ వచ్చి బల్ల పక్కన కూలబడ్డాడు.

"ఏమే మాటా, నీకూ కాళ్ళు లాగుతున్నాయా?"

పిల్లి ఒళ్ళోకి ఎక్కినట్టు మాట వచ్చి తన వరసలో సర్దుకుంది. అతను పక్కనుండగానే అచ్చు పూర్తయింది.

పుస్తకాలు బయటికెళ్ళిన నాడే తమ్ముడు మూట కట్టాడు. అక్క ఆ ముడి విప్పుతుంది, అతను మళ్ళీ వేస్తాడు. అంతలో బడి పంతులమ్మ నిఘంటువు మోసుకుంటూ ఆయాసపడుతూ వచ్చింది.

"ఈ పేజీలో మాటేదండీ? మా ఇంట్లో క్యాలెండరెక్కి కూర్చుంది!"

వెనకే వీధి వీధంతా పుస్తకాలతో బారులు. బాబాయి మొహం తెల్లకాగితమైంది. తమ్ముడు పంతులమ్మ పుస్తకం మీద చెయ్యి వేశాడు. మాట గోడ దిగి, రోడ్డు దాటి వచ్చి కూర్చుంది.

"చెయ్యి తీస్తే పోతుందమ్మా. ఇంట్లో నాలుగు రోజులు నా పక్కనుంటే అలవాటు పడుతుంది."

"అయితే పద నాయనా," అని పంతులమ్మ అతని మూట తన భుజాన వేసుకుంది.

బాబాయి వీధిలోకి పరుగెత్తాడు. "రిక్షా! ఒరేయ్ రిక్షా! మా వాడు నడవలేడు!"

అక్క ఏడుస్తూనే నవ్వింది. అప్పట్నించీ ఇంటింటికీ అతని కోసం వంతులే. అతనికున్నన్ని పక్కలు ఏ మహారాజుకూ లేవు.

మీ ఇంట్లో పుస్తకం తెరిచి చూశావా? నాకు తెలుసులే, 'దిమ్మరి' చోటు ఖాళీయే. ఈ వారం వంతు మీదే. కాళ్ళకు వేన్నీళ్ళు పెట్టమని మీ అమ్మతో చెప్పి, రిక్షా తీసుకుని, అతనిప్పుడుంటున్న మందుల కొట్టు మేడ మీదికెళ్ళు. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకో. ఇంకా ఇక్కడే ఉన్నావేం? వెళ్ళు!