విన్న చదువు

నేను ఒక తెల్ల బోర్డును. ఎవరేం రాస్తే అది మోసి, తుడిచేస్తే మరిచిపోయే జాతి మాది. మరిచిపోవడంలో నన్ను మించినవాళ్లు లేరని చాలాకాలం అనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టలుకు వచ్చాక ఆ గర్వం అణిగింది.

నేను పుట్టింది హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. అట్టకు నున్నటి తెల్లరేకు అతికించి, చుట్టూ పట్టీ బిగించి, ఒక మూల కాస్త వంకరగా వదిలేశారు. ఆ వంకర చూసి ఆఫీసులవాళ్లెవరూ నన్ను కొనలేదు. మొదట ఒక ట్యూషన్ మాస్టారి ఇంటికి చేరాను. ఆయనే రాసేవాడు, ఆయనే చెప్పేవాడు, చెప్పింది విని ఆయనే మురిసిపోయేవాడు. పిల్లలు కిటికీలోంచి గాలిపటాలు చూసేవాళ్లు. ఏడాది తిరిగేసరికి లెక్కలన్నీ మాస్టారికి కంఠతా వచ్చేశాయి. అందులో ఉన్న కిటుకు నాకప్పుడు తట్టలేదు. ఆయన ఇల్లు మారుతూ నన్ను పాతసామాన్ల కొట్లో వదిలేస్తే, ఇద్దరమ్మాయిలు ఆటోలో అడ్డంగా పెట్టుకుని తెచ్చుకున్నారు.

ఒకమ్మాయి రమీజా, నంద్యాల పిల్ల. రెండో అమ్మాయి కల్పలత, పలాస నుంచి వచ్చింది. ఇద్దరూ కిర్గిస్తాన్‌లో ఒకే కాలేజీలో వైద్యం చదివారు. అలా బయటిదేశంలో చదివొచ్చినవాళ్లు ఇక్కడ డాక్టరు అనిపించుకోవాలంటే ముందు ఒక పరీక్ష గట్టెక్కాలి. అప్పటిదాకా పట్టా పెట్టెలోనే ఉంటుంది. ఇద్దరికీ అప్పటికే ఒకసారి ఆ పరీక్ష పోయింది.

కల్పలత చదువు చూస్తే నవ్వొచ్చేది. ముఖ్యమైన వాక్యాల మీద పసుపు రంగు పూయమని ఎవరో చెప్పారట. పాపం, ఆమెకు ముఖ్యం కాని వాక్యమంటూ కనబడలేదు. రెండు నెలల్లో పుస్తకం మొత్తం నలుగు పెట్టిన పెళ్లికూతురిలా తయారైంది. పూయడం అయ్యాక మళ్లీ మొదటి పేజీ నుంచి చదివేది. చదివిన ప్రతిసారీ అంతా తెలిసినట్టే ఉండేది.

రమీజా చూడలేకపోయింది. "నీ తిప్పలు నేను చూడలేనే లతా. నేను చెప్తాను, నువ్వు ఊరికే విను," అని ఒకరోజు మార్కరు అందుకుంది. ఇక రోజూ టిఫిను కాగానే అదే వరస. గుండె, కాలేయం, మూత్రపిండాలు అన్నీ నా మీద గీసి ఆమె చెప్పేది. కల్పలత మంచం అంచున మోకాళ్లు ముడుచుకుని కూర్చుని తలూపేది.

"అర్థమయిందా లేదా?"

"అయిందే. నువ్వు చెప్తే సినిమా చూసినట్టుంటాది."

తన చదువు మానుకుని స్నేహితురాలికి చెబుతోందని హాస్టలంతా రమీజాను మెచ్చుకునేది. నేనూ మెచ్చుకున్నాను. ఒక్కసారి మాత్రం కల్పలత లేచి, "ఇయ్యాల నేను చెప్తానే," అని మార్కరు తీసుకుంది. కాలేయం సగం గీసిందో లేదో, రమీజా మంచం మీంచి దూకింది. "అట్ల కాదే, ఇట్లియ్యి," అని మార్కరు లాక్కుని చకచకా సరిచేసేసింది. అందులో విసుగు లేదు, ప్రేమే ఉంది. కల్పలత నవ్వి వెళ్లి మంచం మీద కూర్చుంది. మళ్లీ ఎప్పుడూ మార్కరు అడగలేదు.

పరీక్ష రాశారు. రమీజా పాసయింది. కల్పలతకు పోయింది.

ఆ రోజు ఇద్దరూ నా ముందు నేల మీద కూర్చున్నారు. కల్పలత అంది: "హాల్లో ప్రతి ప్రశ్నకీ నీ గొంతే వినబడిందే రమీ. నువ్వేటి చెప్పావో మాత్రం గుర్తుకి రాలేదు."

రమీజాకు విషయం అప్పుడు వెలిగింది. అడిగిన సందేహానికల్లా పుస్తకం తిరగేసింది తను, నోరు తిరిగేదాకా చెప్పింది తను, తప్పు చెబితే నాలిక్కరుచుకుని దిద్దుకుంది తను. "నీకు తినిపిస్తాండాననుకొని ప్రతి ముద్దా నేనే తినేస్తినే," అని కల్పలతను పట్టుకుని ఏడ్చింది. పాసైనవాళ్లు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. వారం తిరక్కుండా ఆమె కర్నూలులో ఒక ఆస్పత్రికి వెళ్లిపోయింది.

కల్పలత నాన్న బస్సు డ్రైవరు. కోప్పడే మనిషి కాదు. ఫోనులో మెత్తగానే చెప్పాడు. "ఇంకొక్కసారి చూద్దాం తల్లీ. అవకపోతే వచ్చెయ్. శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రి ముందర కూర్చుని పేషెంట్ల పేర్లు రాసుకునే పనుందట. మాటాడి ఉంచాను." ఫోను పెట్టేశాక ఆమె తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు చూసుకుంది. కిర్గిస్తాన్ మంచులో నడిచి వెళ్లి నాడి చూడడం నేర్చుకున్న చెయ్యి అది.

అంత జరిగినా ఆమె వెంటనే మార్కరు ముట్టలేదు. తప్పు రాస్తానేమోనన్న భయం అంత తేలిగ్గా పోతుందా! ఫోనులో క్లాసులు పెట్టుకుని చూసింది. ఎవరో చెబుతుంటే మళ్లీ తలూపింది. నెలలు గడిచాయి. పరీక్షకు కొద్ది వారాలుండగా రమీజా డ్యూటీ దిగి వీడియోలో పలకరించింది.

"కామెర్లు చెప్పు. నేను వింటాండా."

కల్పలత నా ముందుకొచ్చింది. రక్తంలో పచ్చరంగు కాలేయం దాటకముందు ఒకలా, దాటాక ఒకలా ఉంటుంది. వాటిలో ఒకటే నీళ్లలో కరిగి మూత్రంలోకి దిగుతుంది. ఏది? వందసార్లు విన్న సంగతే. ఆమె దాటకముందుదని రాసింది. ఆగింది. అలా అయితే కాలేయం చేసే పనేంటి? తుడిచింది. మళ్లీ అదే రాసింది. ఫోనులో రమీజా రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నా పలకలేదు. దాన్ని నీళ్లలో కరిగేలా చెయ్యడమే కాలేయం పనని చివరికి కల్పలతే కనిపెట్టి, దాటాకదని మార్చి రాసింది.

"ఇన్నాళ్లూ నాకు తెలుసనుకున్నాను కదే," అంది. అంత దుఃఖం నేను ఏ గొంతులోనూ వినలేదు.

మర్నాటి నుంచి ఆమె పుస్తకం మూసేసి నా మీద రాసేది, పైకి చెప్పేది, తట్టనిచోట గుర్తుపెట్టి, ఆ తరవాతే పుస్తకం తెరిచేది. తప్పిన ప్రశ్నను రెండు రోజులయ్యాక మళ్లీ తనే తనను అడిగేది. రమీజాకు తీరికలేని రోజుల్లో గోడకు చెప్పేది, అంటే నాకు. కానీ చదవాల్సింది కొండంత ఉంది, రోజులు గుప్పెడే ఉన్నాయి. సగం కూడా చెప్పకుండానే పరీక్ష వచ్చేసింది.

నోటితో చెప్పినవన్నీ హాల్లో చక్కగా తట్టాయట. విన్నవి మాత్రం ఎక్కడో విన్నట్టే ఉన్నాయట. కొద్దిలో తప్పిపోయింది.

ఇప్పుడు నన్ను మేడ మీద నీళ్ల ట్యాంకుకు ఆనించి పెట్టారు. ఎండకు రేకు పొంగింది, ఇక ఎవరూ రాయలేరు. అలా అని బాధ లేదు. కల్పలత గది ఖాళీ చేసిన రోజు మాత్రం నన్ను వదలడంలేదు.

ఆమె సంచీ సర్దుకుంటుండగా గదిలోకి ఇద్దరు కొత్తమ్మాయిలు దిగారు. వాళ్లూ అదే పరీక్షకొచ్చినవాళ్లు. గంట తిరక్కుండా ఒకమ్మాయి నా ముందు నిలబడి మూత్రపిండం గురించి దంచేస్తోంది. రెండో పిల్ల మంచం అంచున కూర్చుని తలూపుతోంది. కల్పలత సంచీ కింద పెట్టింది. చెప్పే పిల్ల చేతిలోంచి మార్కరు తీసి, తలూపే పిల్ల చేతిలో పెట్టింది.

"దానికి భయం అక్కా. చెప్పలేదు," అంది మొదటి పిల్ల.

"తెలుసమ్మా. దాని మీద ప్రేముంటే కాసేపు నువ్వు నోరు కట్టుకుని కూర్చో."

తలూపే పిల్ల నా ముందుకొచ్చి గీసింది. తప్పు గీసింది. మొదటి పిల్ల లేవబోతే కల్పలత భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. గీసిన పిల్ల తన తప్పు తనే చూసుకుని తుడిచేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. తరవాత శ్రీకాకుళం బస్సు వేళయిందని సంచీ భుజాన వేసుకుంది.

"అక్కా, మీరు పాసయిపోయారా?" అని తలుపు దగ్గర అడిగారు వాళ్లు.

కల్పలత వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

"నాకు చెప్పినావిడ చాలా బాగా చెప్పిందమ్మా," అని మెట్లు దిగింది.