ఊగేది తెర, నా కళ్ళు కాదు

నా కళ్ళు పోయాయట! ట్యునీషియాలోని మా స్ఫాక్స్ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళ శుభలేఖలు కూర్చిన కళ్ళివి. మా ప్రెస్సు యజమాని సీ మొంజీ ఆ మాట లోపలికి పిలిచి కూడా అనలేదు, నలుగురి ముందే అనేశాడు. కౌంటరు దగ్గర ఒక పెళ్ళికొడుకు తండ్రి, తన పేరులో అరబ్బీ అక్షరం మీది చుక్క ఎగిరిపోయిన కార్డుల కట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“వయసు మీద పడుతోందమ్మా వసీలా. సోమవారం నుంచి కింద గదిలో కూర్చుని కార్డులు మడతపెట్టు. ఈ కుర్చీలోకి మా మరదలొస్తుంది,” అన్నాడు.

“కళ్ళ డాక్టరు బాగున్నాయన్నాడు కదా!”

“డాక్టర్లకేం, ఏదో ఒకటి అంటారు.”

చూశారా? డాక్టరు మాటా చెల్లదు, నా మాటా చెల్లదు. కంప్యూటరు తెర ఊగుతోంది మహానుభావా అని వారం రోజులుగా మొత్తుకుంటున్నాను. అక్షరాలు నీళ్ళలో పడ్డట్టు కదులుతుంటే, పైన చుక్క ఒకటుందో రెండున్నాయో ఎవరికి తెలుస్తుంది? మధ్యాహ్నమయ్యేసరికి తల పగిలిపోయేది. ఇంటికెళ్ళి దీపం వెలిగించుకోబుద్ధయ్యేది కాదు.

నాకూ, నా పక్కన కూర్చునే దలెందాకూ మధ్య ఒక ఇనుప బీరువా ఉండేది. దాని చాటున మేమిద్దరం కబుర్లు చెప్పుకుంటున్నామని సీ మొంజీకి అనుమానం. తన గది అద్దంలోంచి ఇద్దరం కనబడాలని బీరువా లాగించేసి, మా బల్లలు రెండూ కలిపేయించాడు. ఊగుడు మొదలైంది ఆ మర్నాటి నుంచే. అయినా నాకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నం తట్టింది. దలెందా తన మానిటరు కట్టేసి, ట్యూనా చేప, హరీసా కారం పెట్టిన రొట్టెలు తేవడానికి బయటికెళ్ళింది. నా తెర మీద అక్షరాలు టక్కున నిలబడ్డాయి! తనొచ్చి మానిటరు వేయగానే మళ్ళీ మొదలు. కట్టేయమన్నాను, ఆగింది. వేయమన్నాను, ఊగింది. ఈ డబ్బాల్లో అయస్కాంతం ఉంటుందని బిగించడానికొచ్చినవాడు ఏనాడో చెప్పాడు. ఇన్నాళ్ళూ మధ్యలో ఇనుము అడ్డం ఉంది కాబట్టి ఒకదాని జోలికి ఒకటి పోలేదు.

“నాదీ ఊగుతోంది వసీలక్కా,” అంది దలెందా, రొట్టె పొట్లం విప్పకుండానే.

“మరి ఇన్నాళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేమే?”

“చెప్తే నా కళ్ళూ పోయాయంటాడు కదక్కా. నన్నూ కిందికి తోలేస్తాడు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. దాని మీద కాదు. తిన్నగా వెళ్ళి సీ మొంజీని పిలుచుకొచ్చాను. దలెందా మానిటరు కట్టి చూపించాను, వేసి చూపించాను, బీరువా తీయించడం వల్లే ఇదంతా అని చెప్పాను. ఆయన వంగి, ముక్కు తెరకి ఆనించినంత పని చేశాడు.

“అవును, ఊగుతోంది,” అన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. ఆయన నడుం నిటారు చేసి, “అయితే ఒకటి కట్టేస్తే సరి. ఒక తెర, ఒక మనిషి. ఎవరుంటారో మీలో మీరే తేల్చుకోండి,” అన్నాడు.

ఎంత మాటండీ అది! తన తప్పు తెలిసిపోయాక కూడా, బీరువా మళ్ళీ పెట్టిస్తే పరువు పోతుందని మా ఇద్దరికీ తగవు పెడతాడా? దలెందా చెయ్యి చాపి తన మానిటరు కట్టేసింది. పాపం, నా కోసం పని వదులుకుంటోందనుకున్నాను. అది ఇటు వంగి నాది కూడా కట్టేసింది.

“తేల్చుకున్నాం సీ మొంజీ,” అంది.

మా ఊళ్ళో జూన్ నెలంటే ఇంటికో పెళ్ళి. కౌంటరు దగ్గర జనం అరుస్తున్నారు. మేమిద్దరం నింపాదిగా రొట్టెలు తిన్నాం. సీ మొంజీ కాసేపు పళ్ళు కొరికాడు, కాసేపు బతిమాలాడు, చివరికి కోటు విప్పి బీరువా తనే ఈడ్చుకొచ్చాడు. మానిటర్లు రెండూ వేశాం. నా తెర కదలకుండా నిలబడింది.

సాయంత్రం ఆ పెళ్ళికొడుకు తండ్రి మళ్ళీ వచ్చాడు. “దేవుడి దయ, మా వసీలా కళ్ళు బాగయ్యాయి,” అని చెబుతున్నాడు సీ మొంజీ. నేను కుర్చీలోంచి లేచి కౌంటరు దగ్గరికెళ్ళి, జరిగిందంతా మొదటి నుంచీ, గొంతు తగ్గించకుండా, ఆ పెద్దాయనకి చెప్పాను. ఆయన కార్డులు ఆ రోజు ఆలస్యమయ్యాయి. అవనివ్వండి.