వకుళ కుడిచేతి నీడ

పొద్దున వాకిట్లోకి ఎండ రాగానే వకుళ గోడకేసి తిరిగి కూర్చుంటుంది. కుడిచెయ్యి ఒళ్లో చచ్చుబడి ఉంటుంది. గోడ మీది నీడలో మాత్రం ఆ చెయ్యి తులసీ మరువం కలిపి కోవెల స్వామికి తిరుమాల కడుతూనే ఉంటుంది.

"నీ నీడ అప్పుడే పనిలోకి దిగినట్టుండాదే," అంది పాలు పోసే లోకేశ్వరి.

"దానికేమక్కా, సూది పడింది నాకు కదా."

టీకా రోజు నర్సు ఎడమ భుజమే అడిగింది. కొత్తగా సమాశ్రయణ దీక్ష తీసుకున్నందున, ఆ భుజం మీద కాల్చిన శంఖముద్ర ఇంకా పచ్చిగా ఉంది. కుడి భుజం మీది చక్రముద్ర మానిపోయింది. అందుకని వకుళ కుడిచెయ్యే చాపింది. సూది బాగా పైన దిగింది. నరం దెబ్బతిందన్నారు. కోవెల్లో మాలలు కట్టే కైంకర్యం ఇంకొకరికి పోయింది.

"టీకాను తిట్టను నాయనా," అంటుంది తండ్రి దేవనాథన్‌తో. "సూది తప్పుగా పడిందని సర్కారోళ్లు ఒప్పుకోనీ. వైద్యం చేయించనీ."

ఆ పరిహారం కోసమే చిత్తూరులో విచారణ. "మిట్టమధ్యాన్నం రాండి, నీడ కాళ్లకిందుంటాది," అని వకీలు ధనంజయ ముందే చెప్పినాడు. పూతలపట్టు దగ్గర బస్సు చెడిపోయింది. వాళ్లు చేరేసరికి పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది.

విచారణ చేసే డాక్టరు పరాశర్ గోడ మీది నీడకేసి చూసినాడు. "చెయ్యి బాగానే ఆడతాండాదే. మాల కూడా కడతాండాది. వైకల్యమని ఎట్ల రాసేదమ్మా?"

"అయితే ఆ నీడకే కోవెల్లో పనిప్పించండి సార్. దాని సంపాదన నేను కూర్చోని తింటా."

ఎవరో నవ్వినారు. డాక్టరు కలానికి మూత పెట్టేసినాడు.

"దాన్ని ఆపమనమ్మా," గొణిగినాడు ధనంజయ.

"నేను చెప్పలేనన్నా. నాకు మిగిలిన కుడిచెయ్యి అదొక్కటే."

నీడ ఆగింది. చివరి ముడి వేసి, మాలను నెమ్మదిగా కింద పెట్టింది. దాని కుడిచెయ్యి ఒళ్లోకి జారి, వకుళ చెయ్యిలాగే పడిపోయింది.

డాక్టరు కలం మూత తీసినాడు. సూది వల్లనే అని రాసి, వైద్యం ఖర్చంతా ఇమ్మన్నాడు.

"గెలిచినాం తల్లీ," అన్నాడు దేవనాథన్, బస్టాండులో.

ఎదురుగోడ మీద ఎండ నిండుగా ఉంది. వకుళ ఎడమచేత్తో కుడిచేతిని పట్టి పైకెత్తి చూసింది. నీడలో కూడా దాన్ని ఎడమచెయ్యే ఎత్తాల్సి వచ్చింది.