ఒక ప్రముఖ వ్యాపారి

వాసవీకుమారి పెసరట్టు తిరగేస్తుండగా, బల్ల దగ్గర కూర్చున్న భర్త తలెత్తకుండానే అన్నాడు.

"వార్త వెయ్యొద్దని నేను సెప్పట్లేదు. నీ ఛానలు, నీ ఇష్టం. పేరొక్కటీ వద్దు. 'ఒక ప్రముఖ వ్యాపారి' అను, సాలు."

ఆమె అట్టు అంచు కిందికి అట్లకాడ దూర్చింది. ఆయన మళ్ళీ అడిగాడు, "అల్లప్పచ్చడి ఉందా, అయిపోయిందా?"

"ఉంది" అంది ఆమె. వడ్డించింది. ఆ రెండు మాటలనూ ఆయన ఒకే గొంతుతో అన్నాడని, రెంటికీ ఒకే జవాబు వస్తుందని నమ్మాడని, ఆయన తిని చేయి కడుక్కుని దుకాణానికి వెళ్ళాక గానీ ఆమెకు తట్టలేదు.

ముందురోజు సాయంత్రం ఛానల్ రిపోర్టరు హేమ ఒక వీడియో తెచ్చి చూపించింది. ఒడిశా బరంపురంలో కూరల బజారు వెనక, వాసవీకుమారి కార్పొరేటరుగా ఉన్న రోజుల్లో కట్టించిన ఆడవాళ్ళ మరుగుదొడ్డి. తలుపుకు తాళం. కిటికీ ఊచల్లోంచి తీసిన బొమ్మలో లోపల కప్పుదాకా పేర్చిన ఖాళీ గోనెసంచులు. నిర్వహణ చూసే కాంట్రాక్టరు మధ్యలో వదిలేసి పోతే తాళంచెవి ఎలాగో పక్కనున్న చింతపండు గోదాముకు చేరింది. గోదాము ఎవరిదో హేమ చెప్పలేదు. సంచుల మీద ఎర్రసిరాతో అచ్చేసిన ముద్ర చెప్పింది. ఆ ముద్రను వాసవీకుమారి తన పెళ్ళైన మరుసటి రోజు నుంచీ ఎరుగును.

సరుకు నింపిన బస్తాలైనా ఆమెకు ఇంత కష్టంగా ఉండేది కాదేమో. ఖాళీ సంచులకు కూడా ఒక చోటు కావాలి. ఆ చోటు కోసం తన భర్త వెతికినప్పుడు, బజారంతటిలోనూ ఎవరికీ అక్కరలేనిదిగా కనిపించింది అదొక్కటే.

ఆ వార్డు స్త్రీలకు రిజర్వైన ఏడాది, వర్తకుల సంఘం పెద్దలు ఇంటికొచ్చి ఆయనతో, "మీ ఇంటావిడని నిలబెడదాం" అన్నారు. కాఫీగ్లాసుల పళ్ళెంతో ఆమె గుమ్మంలోనే ఉంది. ఆమెను అడగాలన్న ఆలోచన ఆ గదిలో ఎవరికీ రాలేదు, ఆమెకూ రాలేదు. ప్రచారంలో ఆమె దండం పెట్టేది, ఆయన మాట్లాడేవాడు. గెలిచాక ఫిర్యాదులతో వచ్చినవాళ్ళు ఆమె ఎదుటే నిలబడి, "షావుకారు గారు లేరాండీ?" అని అడిగేవారు. ఆ ఐదేళ్ళలో ఆమె సొంతంగా తలపెట్టిన పని ఒక్కటే. ఒకరోజు బజారులో నడుస్తుంటే, ఎండుచేపలమ్మే నీలమ్మ కొంగు పట్టుకున్నంత పని చేసి అడిగింది. "కౌన్సిలరమ్మా, నువ్వూ ఆడదానివే గదా. పొద్దుగూకులూ ఎండలో కూకుని మాం నీళ్ళెందుకు తాగమో ఎప్పుడైనా ఆలోసించినావేటి?"

ఆలోచించవలసిన అవసరం వాసవీకుమారికి లేకపోయింది. అది ఆమె ఒంటికి తెలిసిన విషయం. కొత్త కోడలిగా వచ్చినప్పుడు పెరట్లోకి వెళ్ళాలంటే దుకాణం గుమస్తాలందరి ముందు నుంచీ నడవాలి. దాహాన్ని వాయిదా వేయడం ఆమె ఆ ఇంట్లో వంటకన్నా ముందు నేర్చుకున్న విద్య. కౌన్సిల్ సమావేశంలో లేచి నిలబడి మరుగుదొడ్డి అన్న మాట పైకి అనగానే వెనక వరసలో నవ్వులు వినిపించాయి. "భౌజో, ముందు వీధిలైట్ల సంగతి చెప్పండి" అని ఒకాయన ఒడియాలో వదిన వరస కలిపి హాస్యమాడాడు. అయినా సభ ఒప్పుకునేదాకా ఆమె కూర్చోలేదు. అది కట్టిన రోజు ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారు, "మా కోడలు ఐదేళ్ళు రాజ్యమేలి దొడ్డి కట్టించిందర్రా!" అంటే అందరూ నవ్వారు. వాసవీకుమారి కూడా నవ్వింది. అత్తగారు పోయి చాలాకాలమైంది. ఆ మాట కూడా దాదాపు మాసిపోయింది. తన నవ్వు మాత్రం ఇప్పటికీ ఉండుండి చెవిలో వినపడుతుంది.

తర్వాతి ఎన్నికలకు వార్డు జనరల్ అయింది. ఆయన పినతండ్రి కొడుకు నిలబడ్డాడు. "సరదా తీరింది గదా. దుకాణం మీద గది ఖాళీగా ఉంది. ఏదో ఒక ఛానల్ లాంటిది పెట్టుకో, ఊసుపోద్ది" అన్నాడు ఆయన. ప్రేమగానే అన్నాడు. పెళ్ళిళ్ళు, శ్రద్ధాంజలులు, బంగారం ధరతో మొదలైన ఛానల్ ఆమె చేతిలో వార్తల ఛానలైంది. ఇవాళ బరంపురం నుంచి పురుషోత్తంపూర్ దాకా తెలుగిళ్ళలో రాత్రి వంటకు ముందు ఫోన్లో అదే మోగుతుంది. సభల్లో ఆమెను "సామాన్య గృహిణిగా మొదలై మీడియా అధినేత్రిగా ఎదిగిన" అంటూ వేదిక మీదకు పిలుస్తారు. అక్కడ కప్పిన శాలువాతోనే ఇంటికొచ్చి ఆమె మర్నాటికి పప్పు నానబోస్తుంది. మగవాళ్ళు ఉద్యోగం చేసి ఇంటికొస్తారు. ఆమె రెండు వంటల మధ్య దొరికిన వ్యవధిలో ఒక సంస్థను కట్టింది. అందుకే కాబోలు, ఆ ఇంట్లో దాన్నెవరూ పని అనుకోలేదు.

ఛానల్ పెట్టిన మొదటి ఏడాది కల్తీనూనె అమ్మిన దుకాణం పేరు చదివినందుకు ప్రకటనలన్నీ ఆగిపోయాయి. ఆయన నలుగురి ఇళ్ళకూ తిరిగి వాటిని మళ్ళీ తెచ్చాడు. తెచ్చి చెప్పాడు: "తప్పుని సెప్పు, మనిషిని సెప్పకు." అందులో ఏదో పెద్ద ధర్మం ఉన్నట్టు తోచింది ఆమెకు. దోషాన్నే తప్ప దోషిని ద్వేషించకూడదని చిన్నప్పుడు ఎక్కడో చదివింది. ఆ వాక్యాన్ని తన సంస్థకు నియమంగా పెట్టుకున్నప్పుడు మనసులో కొంత గర్వం కూడా కలిగింది. అప్పటి నుంచీ తాగి కారు నడిపినవాడు 'ఒక యువకుడు', కోడల్ని కొట్టిన ఇల్లు 'ఒక కుటుంబం', మిగిలినవారంతా 'ఒక ప్రముఖ వ్యాపారి' అయ్యారు.

మధ్యాహ్నం హేమతో కలిసి కూరల బజారుకు వెళ్ళింది. రిబ్బను కత్తిరించిన తర్వాత అటు రావడం ఇదే. ఛానల్ వచ్చాక కారు వచ్చింది, కారు ఆ సందులో పట్టదు. అంత చిన్న కారణానికి ఇన్నేళ్ళు రాలేదంటే తనకే నమ్మబుద్ధి కాలేదు. తలుపు పక్కన శిలాఫలకం మీద ఒక పోస్టరు అంటించి ఉంది. తమ ఛానల్‌దే. దాని కింద తన పేరు ఉందని తెలిసినవాళ్ళకు తప్ప తెలియదు.

"ఓలమ్మా, కౌన్సిలరమ్మే!" ఎండుచేపల గంప వెనక నుంచి నీలమ్మ కేకేసింది. జుట్టు నెరిసింది, గొంతు అలాగే ఉంది. "దారి తప్పినావేటి?"

"నిన్ను సూడ్డానికే వచ్చాను. తాళమేసినప్పుడు నాకొక్క మాట సెప్పొచ్చు గదా నీలమ్మా?"

"ఎవులికి సెప్పాలి? తాళమేసినోళ్ళ ఇంటికే ఎల్లి, ఓయమ్మా తాళమేసినారని సెప్పాలేటి?"

పక్కన కరివేపాకు కట్టలు కడుతున్న మనిషి పగలబడి నవ్వింది. నీలమ్మ నవ్వలేదు. "నీ మీద కోపం నేదమ్మా. కట్టినావు. కొన్నాళ్ళు సుకపడ్డాం. అప్పుడు బజార్లో కడుపునిండా నీళ్ళు తాగేవోళ్ళం. ఇప్పుడు మా ఊరు మార్కండిలో ఆటో ఎక్కినకాడ్నించి మళ్ళీ ఇంటికెళ్ళీదాకా సుక్క ముట్టం. మొగోళ్ళకేటి, ఊరంతా గోడలే. మాకు కట్టిన గోడకే తాళం."

హేమ ఫోను ఎత్తి పట్టుకుంది. "ఇదే కెమెరా ముందు సెప్తావా, నీలమ్మత్తా?"

"సెప్తాను. మరి మీరేటి సెప్తారు? ఎవులేసినారంటారు?"

హేమ వాసవీకుమారి వైపు చూసి, చూపు దించుకుని అంది. "ఒక వ్యాపారి అని..."

"బాగుంది! ఈ బజార్లో కూకున్నోళ్ళం అందరం యాపారులమే. నానూ యాపారినే. రేపొద్దున్న నాకు నానే తాళమేసుకున్నాననుకుంటారు జనం!"

ఈసారి నీలమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులో కలవబోయి వాసవీకుమారి ఆగిపోయింది.

తిరిగి వస్తుంటే సందులో హేమ మెల్లగా అంది. ఆంధ్రా సరిహద్దు దగ్గర పల్లెటూరి పిల్ల, కూలి చేసే తల్లి చదివించింది. చెప్పదలచుకున్నది నేల చూస్తూనైనా చెప్పేస్తుంది. "మొన్న మిర్చిబస్తా ఎత్తుకెళ్ళిన కూలీ, ఆ కొండలు పేరు చదివేం మేడమ్. ఊరూ, తండ్రి పేరూ కూడా చదివేం."

నిజమే. తమ వార్తల్లో డబ్బు లేనివాడికి పేరుంటుంది, ఊరుంటుంది, తండ్రి ఉంటాడు. ఉన్నవాడికి ఒక విశేషణం ఉంటుంది. తప్పును చెప్పి మనిషిని వదిలేయమన్న ఆ ధర్మం, ఏ మనిషిని వదలాలో ముందే ఎంచుకుని వచ్చింది. ఇన్నేళ్ళూ ఆ ఎంపికకు వాసవీకుమారి తన గొంతు అరువిచ్చింది. కార్పొరేటరుగా ఉన్నప్పుడు ఆయన చూపిన చోటల్లా సంతకం ఇచ్చినట్టే.

స్టూడియోలో అడుగు పెట్టేసరికి ఆయన ఫోను.

"సంచులు తీయించేశాను. రేపు తాళం కూడా తీయిస్తాను. ఇంకేటి వార్త?"

"ఇన్నాళ్ళు వేసి ఉంది గదండీ."

"సూడు వాసవీ, వచ్చే వారం నన్ను సంఘానికి ప్రెసిడెంటుని చేస్తున్నారు. ఆ సంగతి నీకు తెల్సు. ఆ హేమ చదవదు, దానికి ఉద్యోగం కావాలి. ఇంక నువ్వా?" ఆయన నవ్వాడు. కోపం లేని, ఇంటి మనిషి నవ్వు. "నువ్వెలాగూ నా పేరెత్తవు. నాకు భయమేటి?"

ఫోను పెట్టేశాక కూడా ఆ నవ్వు ఆమె దగ్గరే ఉండిపోయింది. ఆయన అన్నది అక్షరాలా నిజం. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తరుగుతుందని అత్తగారు మొదటి రోజే చెప్పారు. అది మూఢనమ్మకమని చదువుకున్న కోడలికి తెలుసు. అయినా నాలుక ఒప్పుకునేది కాదు. ఆస్పత్రిలో భర్త పేరు అడిగితే పక్కవాళ్ళ వైపు చూసేది. ఎన్నికల కాగితాల మీద రాసింది గానీ పలకలేదు. గుడి విరాళాల వార్తలో ఆయన పేరు వస్తే ఆ కాగితం హేమకు ఇచ్చేది. ఆయన ఆమె మౌనాన్ని గౌరవమనుకున్నాడు. ఆమె కూడా అలాగే అనుకుంది. ఇవాళ అదే మౌనాన్ని ఆయన తన గోదాముకు తలుపుగా లెక్కవేసుకున్నాడు.

"నేను సదువుతాను మేడమ్," అంది హేమ. "ఏటైతే అదవుద్ది."

"నీ పేరు మీద ఎందుకు? నీ ఉద్యోగం తీసేస్తే ఊరికి అదే వార్తవుద్ది, ఇది మరుగున పడిపోద్ది," అంది వాసవీకుమారి. "కుర్చీ ఖాళీ చెయ్యి."

కెమెరా వెనక అమిత్ ఒకసారి ఇద్దరినీ చూశాడు. "కాగితంలో మార్పులేమైనా ఉన్నాయా, మేడమ్?" అని ఒడియాలో అడిగాడు.

"నేను చూసుకుంటాను" అంది ఆమె, ఒడియాలోనే.

దీపాలు వెలిగాయి. నమస్కారం చెప్పింది. నీలమ్మ మాటలు వస్తున్నంతసేపూ ఆమె చేతిలోని కాగితాన్నే చూస్తూ కూర్చుంది. ఇల్లు గోల పెడుతుందన్న భయం ఆమెకు అంతగా లేదు. ఈ గది ఆయనది, ఖాళీ చేయమంటాడు; మరో గది దొరుకుతుంది. ఆమె గుండెను పిండుతున్నది వేరు. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ బస్సెక్కి గోపాల్‌పూర్ సముద్రానికి వెళ్ళారు. ఆయన పంచె మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలోకి దిగుతూ వెనక్కి తిరిగి, "ఇక్కడ ఎవులూ లేరు. ఒక్కసారి నన్ను పేరెట్టి పిలువు" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "ఇంకెప్పుడైనా" అంది. ఆయన ఇంకా లోపలికి వెళ్తూ మళ్ళీ మళ్ళీ తిరిగి చూశాడు. ఎప్పుడో ఒకనాడు, ఎవరూ లేని చోట, ఆయనొక్కడికే వినపడేలా పిలవాలని ఆ పేరును ఆమె దాచుకుంది. అలా దాచుకుంటూనే వయసు గడిచిపోయింది. ఆ 'ఇంకెప్పుడైనా' రాలేదు. రాదని ఇప్పుడు తెలిసింది.

అమిత్ చేయి ఎత్తాడు. తెర మీద మళ్ళీ ఆమె.

"ఆడవారి కోసం కట్టిన ఆ గదికి ఇన్నేళ్ళుగా తాళం వేయించి, తన గోదాము సంచులు పెట్టుకున్నది," అని చదివి, కాగితం మీది తర్వాతి మూడు మాటలను దాటేసి, ఆమె తలెత్తింది.

"వెంకటరమణమూర్తి" అంది.

ఊరంతా విన్నది. కానీ ఆ పేరు వార్త చదివే గొంతులో రాలేదు. నీళ్ళలోకి దూరంగా వెళ్ళిపోతున్న మనిషిని వెనక్కి పిలిచినట్టుగా వచ్చింది.